‘గొన్నా’ అనే మాటని కాగితం మీద ఎక్కడ రాయొచ్చు? కథలో, మెయిల్లో, పరీక్షలో

సాగరిక_ఎంవీపీ
అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఆగిపోయాను, మీ సాయం కావాలి.

నేను తెలుగులో రాసుకున్న కథ ఒకటి ఇంగ్లిష్‌లోకి నేనే మారుస్తున్నాను. జాలరిపేట కథ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రోజుల్లో జరుగుతుంది. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. తండ్రి వల బాగుచేసుకుంటుంటే కొడుకు వచ్చి అంటాడు: “అయ్యా, నానింక యాటకి రాను. పోర్టుల పనికెల్లిపోతన్నాను.”

దీన్ని ఇంగ్లిష్‌లో “అయామ్ గొన్నా వర్క్ ఎట్ ద పోర్ట్” అని రాశాను. ‘గోయింగ్ టు’ అని పూర్తిగా రాస్తే ఆ కుర్రాడు స్టేజీ ఎక్కి మాట్లాడుతున్నట్టు అనిపించింది. చిత్తుప్రతి మా తమ్ముడు చూశాడు. వాడు ద్వారకానగర్‌లో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకి కోచింగ్ తీసుకుంటున్నాడు. “ఈ మాట రాస్తే మార్కులు పోతాయని మా సారు రోజూ చెప్తారు, నువ్వు ఏకంగా కథలో పెట్టేశావేంటక్కా” అన్నాడు. ఇంగ్లిష్ నవలల సంభాషణల్లో ఈ మాట చాలాచోట్ల చూశాను మరి. ఎక్కడ రాయొచ్చు, ఎక్కడ కూడదు?

భీమిలి_మాస్టారు
అమ్మా సాగరికా, ఉద్యోగం చేసినంత కాలం హైస్కూల్లో ఇంగ్లిషే చెప్పాను. నా మాట సూటిగా చెప్తాను: రాయొద్దు.

అది తప్పు మాటని కాదు. ‘గోయింగ్ టు’ని గబగబా పలికితే వచ్చే శబ్దం అది. నోటికి సరిపోతుంది. కానీ మన పిల్లలకి ఇంగ్లిష్ ముందు చెవిన పడి తర్వాత చేతికి వచ్చిన భాష కాదు. చాలామందికి పుస్తకంలోంచే వచ్చింది. పూర్తి రూపం గట్టిపడకుండానే సినిమాల్లోంచి, పాటల్లోంచి కుదించిన రూపం పట్టేస్తే, “ఐ గొన్నా గో” అని రాస్తారు. అందులో ‘యామ్’ ఎగిరిపోయింది. “అయామ్ గొన్నా టు గో” అని రాసేవాళ్లూ ఉన్నారు. ‘టు’ ఆ మాటలోనే కలిసిపోయిందని వాళ్లకి తెలీదు. ఇలాంటి పేపర్లు దిద్దీ దిద్దీ చెప్తున్నాను. పునాది పడ్డాక ఏ రూపమైనా వాడుకోవచ్చు.

మీ తమ్ముడికి వాళ్ల సారు చెప్పింది సరైనదే.

ద్వారకానగర్_ట్రైనర్
ఐఈఎల్‌టీఎస్ మాట వచ్చింది కాబట్టి నేను చెప్తాను, ఈ పాఠం చెప్పడమే నా పని.

రైటింగ్‌కి గంట సమయం. టాస్క్ 1 కనీసం 150 పదాలు, టాస్క్ 2 కనీసం 250. దిద్దేవాళ్లు నాలుగు విషయాలు చూస్తారు, నాలుగింటికీ సమానమైన తూకం: అడిగినదానికి జవాబు వచ్చిందా, ఆలోచన వరుసగా నడిచిందా, పదసంపద, వ్యాకరణం. ‘గొన్నా’ రాస్తే ఇంత బ్యాండ్ (అంటే స్కోరు) కోత అని ఎక్కడా రాసి లేదు. కానీ టాస్క్ 2 వ్యాసంలో అది కనబడితే, సందర్భానికి తగ్గ మాట ఎంచుకోవడం ఈ అభ్యర్థికి రాదేమో అన్న అనుమానం పుడుతుంది. పదసంపద దగ్గర నష్టం చేసేది అదే.

ఈ పరీక్షలోనే జనరల్ ట్రైనింగ్ అనే రకం రాసేవాళ్లకి టాస్క్ 1లో ఉత్తరం వస్తుంది. స్నేహితుడికి రాయమంటే కాస్త చనువుగా రాయాలి. అక్కడ ‘అయామ్’, ‘డోంట్’ లాంటివి నిక్షేపంగా రాయొచ్చు. ‘గొన్నా’ మాత్రం అక్కడా వద్దంటాను. ‘అయామ్ గోయింగ్ టు’ అంటే చనువు వచ్చేస్తుంది, ఇంకో మెట్టు దిగనక్కర్లేదు.

స్పీకింగ్ సంగతి వేరు. 11 నుంచి 14 నిమిషాల సంభాషణ. అక్కడ సహజంగా నోట వస్తే రానివ్వండి. అంటే మంచిదని పనిగట్టుకుని అనేవాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు. దానివల్ల బ్యాండ్ పెరగదు, సందేహం వద్దు.

గాజువాక_కుర్రోడు
ఇప్పుడు డిక్షనరీల్లోనే ఉంది కదండీ ఆ మాట. మెరియమ్-వెబ్‌స్టర్‌లో ఉంది, కేంబ్రిడ్జ్‌లో ఉంది. డిక్షనరీలో ఉన్న మాట రాయడానికి ఇంత ఆలోచన ఎందుకు?

ద్వారకానగర్_ట్రైనర్
డిక్షనరీలో మాట పక్కనే ‘ఇన్‌ఫార్మల్’ అని గుర్తు వేసి ఉంటుంది తమ్ముడూ. అర్థంతోపాటు ఆ గుర్తు కూడా చదవాలి. జనం వాడుతున్నారని నమోదు చేయడమే డిక్షనరీ పని. ఎక్కడైనా వాడుకోమని అది అనుమతి ఇవ్వదు.

ఏయూ_ఇంగ్లిష్_పీజీ
మాస్టారు చెప్పిన ‘యామ్’ సంగతికి ఇంకొంచెం కలుపుతాను. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

‘గోయింగ్ టు’కి ఇంగ్లిష్‌లో రెండు పనులున్నాయి. ఒకటి, ఒక చోటికి వెళ్లడం. “అయామ్ గోయింగ్ టు గాజువాక.” రెండోది, జరగబోయేది చెప్పడం. “అయామ్ గోయింగ్ టు స్లీప్.” రెండోది 15వ శతాబ్దం చివరి నుంచి మెల్లగా పుట్టుకొచ్చిన వాడుక. వెళ్లడం అనే అసలు అర్థం అరిగిపోయి, కాలాన్ని చూపించే పనిముట్టుగా మిగిలింది. అలా అరిగినదాన్నే జనం నోట్లో కుదించి ‘గొన్నా’ చేశారు. అందుకే ఆ కుదింపు రెండో పనికే చెల్లుతుంది. “అయామ్ గొన్నా గాజువాక” అని ఇంగ్లిష్ పుట్టుకతో వచ్చినవాళ్లెవరూ అనరు. ‘గొన్నా’ తర్వాత క్రియ ఉండి తీరాలి.

తెలుగులో కూడా అచ్చం ఇదే జరిగింది, చూడండి. ‘చేయబోతున్నాను’లో ఉన్నది ‘పోతున్నాను’. ‘చేయన్’ చివర ఉన్న ‘న్’ (వ్యాకరణంలో ద్రుతం) తర్వాత ‘ప’ వచ్చి, మెత్తబడి ‘బ’ అయింది, దీన్నే సరళాదేశం అంటారు. మనం కూడా ‘పోవడం’ అనే క్రియనే తీసుకుని, దాని నడకంతా తీసేసి, జరగబోయే కాలానికి గుర్తుగా పెట్టుకున్నాం. “వాన పడబోతోంది” అన్నప్పుడు వాన ఎక్కడికీ పోదు. ఊరికి వెళ్లేటప్పుడు ‘ఊరికి పోతున్నాను’ అంటాం తప్ప అక్కడ ‘బోతున్నాను’ రాదు. ఎక్కడో ఉన్న రెండు భాషలు ఒకే దారి పట్టాయి! మొదటిసారి గమనించినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ‘గొన్నా’ని బద్ధకపు మాట అంటే ఒప్పుకోలేను. భాష తన పని తాను చేసుకుంటూ పోతే వచ్చిన రూపం అది.

రుషికొండ_టెక్కీ
ఆఫీసు వైపు నుంచి నా మాట. మా టీమ్‌లో అమెరికా క్లయింటే ముందు చాట్‌లో “వి ఆర్ గొన్నా పుష్ దిస్ టు నెక్స్ట్ వీక్” అని రాస్తాడు. చాట్‌లో మేమూ అలాగే జవాబిస్తాం, ఎవరూ ఏమీ అనుకోరు. అక్కడ మరీ పద్ధతిగా రాస్తే కోపంగా ఉన్నామేమో అనుకుంటారు కూడా.

మెయిల్ దగ్గర మాత్రం మా పిల్లలకి గట్టిగా చెప్తాను. మెయిల్‌ని ముందు చదివేది మనకి తెలిసిన మనిషే. కానీ అది అక్కడితో ఆగదు, వాళ్ల పై మేనేజర్‌కి వెళ్తుంది, ఒక్కోసారి కాంట్రాక్టు చూసే లీగల్ వాళ్ల దాకా వెళ్తుంది. మనల్ని ఎప్పుడూ చూడని మనిషి చదువుతాడు. “వి ఆర్ గొన్నా డెలివర్ బై ఫ్రైడే” అని ఉంటే అతనికి అది మాటా, ఊరికే అనుకున్నదా తెలీదు. “వి విల్ డెలివర్ బై ఫ్రైడే” అంటే మాట ఇచ్చినట్టు. తేదీ, డబ్బు, బాధ్యత ఉన్న వాక్యంలో ‘విల్’ రాయండి.

ఏయూ_ఇంగ్లిష్_పీజీ
@రుషికొండ_టెక్కీ అన్నయ్యా, అది పద్ధతి తేడా ఒక్కటే కాదు, అర్థంలోనే తేడా ఉంది. ముందే అనుకున్నదానికి, కళ్లముందు ఆనవాళ్లు కనిపిస్తున్నదానికి ‘గోయింగ్ టు’ వస్తుంది. కైలాసగిరి మీద నల్లమబ్బు చూసి “ఇట్స్ గోయింగ్ టు రెయిన్” అంటాం. మాట ఇవ్వడానికి, అప్పటికప్పుడు నిర్ణయించుకున్నదానికి ‘విల్’. ‘గొన్నా’ వచ్చింది ‘గోయింగ్ టు’లోంచి కాబట్టి దాని అర్థమే దీనికీ ఉంటుంది. మాట ఇచ్చే చోట అది సరిపోనిది అందుకే.

వాడుకభాష_వీరాభిమాని
మాస్టారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. నోటికి సరే, చేతికి వద్దు అనడం మనకి కొత్త కాదు. మన ఉత్తరాంధ్రలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా దీని మీదే పోరాడారు. 1863లో శ్రీకాకుళం ప్రాంతపు పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో పనిచేశారు. నోట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు ఎందుకన్నారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇవాళ తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ ఉద్యమంలో ఆయనతో నిలబడ్డ పి.టి. శ్రీనివాస అయ్యంగారు మన విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలే. అలాంటి ఊళ్లో ఉండి, జనం పలికే రూపాన్ని కాగితం మీద పెట్టొద్దని ఎలా అంటాం? ‘చేయుచున్నాను’ని ‘చేస్తున్నాను’ చేసుకున్నవాళ్లం. వాళ్లు ‘గోయింగ్ టు’ని ‘గొన్నా’ చేసుకుంటే అభ్యంతరం దేనికి?

భీమిలి_మాస్టారు
నాయనా, నువ్వు గిడుగువారి పేరెత్తావు కాబట్టి ఆయన అడిగిందేమిటో సరిగ్గా చూద్దాం. ఆయన కోరింది శిష్ట వ్యవహారం. చదువుకున్నవాళ్లు నలుగురిలో మాట్లాడే తెలుగు రాతలోకి రావాలన్నారు. నోట పలికిన ప్రతి విరుపునీ అలాగే అచ్చువేయమని అనలేదు. ఇప్పుడు నువ్వు ఇక్కడ రాసిందే చూడు. ‘అంటాం’, ‘చేసుకున్నవాళ్లం’ అన్నావు. ఇది వ్యావహారికమే. కానీ ఇంట్లో మీ అమ్మగారితో మాట్లాడే పలుకు యథాతథంగా దించలేదు కదా. నేనూ దించలేదు. రాతకొచ్చేసరికి మనందరం ఒక మధ్యమార్గం పట్టాం. ఇంగ్లిష్‌లో ఆ మధ్యమార్గం ‘అయామ్ గోయింగ్ టు’. గ్రాంథికమనిపించేంత బిగువూ లేదు, మరీ జారినట్టూ ఉండదు.

వాడుకభాష_వీరాభిమాని
శిష్ట వ్యవహారం సంగతి ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ చదువుకున్న అమెరికన్లు, ఇంగ్లండువాళ్లు కూడా అందరూ ‘గొన్నా’ అనే పలుకుతారు కదా. ఆ లెక్కన అది వాళ్ల శిష్ట వ్యవహారమే అవుతుంది. రాతలో ఇంకా పూర్తిగా స్థిరపడలేదంతే.

డాల్ఫిన్‌నోస్_నావికుడు
నోటికి ఒక రూలు, రాతకి ఒక రూలు అంటున్నారందరూ. మా దగ్గర నోటికే ‘గొన్నా’ పనికిరాదు.

ఓడల మీద పనిచేస్తాను. విశాఖ రేవులోకి రావాలంటే వీహెచ్ఎఫ్ రేడియోలో మాట్లాడాలి. ఓడని నడిపే గది, అంటే బ్రిడ్జి మీద ఫిలిప్పీన్స్ మనిషి, ఉక్రెయిన్ మనిషి, మనం. ఎవరి ఇంగ్లిష్ వాళ్లది. అందుకే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ప్రామాణిక వాక్యాలు ఆమోదించింది, ఎస్ఎంసీపీ అంటాం. మనం చేయబోయేది చెప్పాలంటే ముందు “ఇంటెన్షన్” అని, తర్వాత “ఐ విల్ రెడ్యూస్ మై స్పీడ్” అంటాం. ‘మే’, ‘మైట్’, ‘కుడ్’ లాంటివి కూడా రెండర్థాలకి తావిస్తాయని వాడొద్దంటారు. హోరుగాలిలో, రేడియో గరగరలో ‘గొన్నా’ అంటే అవతలివాడికి ఏమి వినబడుతుందో ఎవరికి తెలుసు.

అదే మనిషి డ్యూటీ దిగాక మెస్‌లో కూర్చుని “అయామ్ గొన్నా కాల్ హోమ్” అంటాడు. రెండూ నోటి మాటలే. కాబట్టి రాతా, నోరా అని చూడకండి. అవతలి మనిషి ఎవరు, వాడికి తప్పుగా అర్థమైతే ఏమవుతుంది అని చూడండి.

రుషికొండ_టెక్కీ
@డాల్ఫిన్‌నోస్_నావికుడు నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఇది. మా టీమ్ గ్రూపులో పెడుతున్నాను.

సాగరిక_ఎంవీపీ
ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు. పరీక్ష, మెయిల్ సంగతి నాకు తేలిపోయింది. తమ్ముడికి చదివి వినిపించాను. కానీ నా కథ అలాగే ఉండిపోయింది. కథలో నేను వాక్యం రాయడం లేదు, ఒక మనిషి గొంతు రాస్తున్నాను. అవతల చదివేది ఏ దేశంలో ఉన్నవాళ్లో తెలీదు. తప్పుగా అర్థమైతే ఓడలు గుద్దుకోవు. అక్కడ ‘గొన్నా’ ఉండొచ్చా?

లాసన్స్‌బే_లలిత
అమ్మాయ్, నేను అనువాదాలు చేస్తాను. సంభాషణలో ‘గొన్నా’ ఉండొచ్చు, ఏ సంపాదకుడూ కొట్టేయడు. కానీ నీ కథలో ఆ కుర్రాడి నోట పెట్టకు. ఎందుకో కాస్త ఓపిగ్గా విను.

మొదటిది. ఆ కుర్రాడు మాట్లాడుతున్నది తెలుగు. నువ్వు ‘గొన్నా’ అనగానే ఇంగ్లిష్ పాఠకుడికి వినబడేది అమెరికా సినిమాల్లో కుర్రాడి గొంతు. బ్రిటన్‌లోనూ అలాగే పలుకుతారు, నిజమే. కానీ అక్షరాల్లో చూసినప్పుడు ముందు తోచేది అమెరికానే. ‘యాట’, ‘నాను’, ‘ఎల్లిపోతన్నాను’ అన్నవి మన తీరపు పలుకు. వాటికి బదులుగా ఇంకో దేశపు వీధి పలుకు పెడితే, మనిషి జాలరిపేటలో ఉంటాడు, గొంతు మాత్రం ఇంకెక్కడిదో అవుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఇంగ్లిష్‌లో ‘ఐ డయలెక్ట్’ అనే మాట ఉంది. ఇక్కడ ‘ఐ’ అంటే కన్ను. జార్జ్ క్రాప్ అనే భాషావేత్త 1925లో పెట్టిన పేరు. ‘సేస్’ అనే మాటని అందరూ ‘సెజ్’ అనే పలుకుతారు. ప్రొఫెసరూ అలాగే అంటాడు, కూలివాడూ అలాగే అంటాడు. కానీ రచయిత కూలివాడి మాటల్లో మాత్రం స్పెల్లింగ్ మార్చి ఎస్-ఇ-జెడ్ అని రాస్తాడు. చెవికి ఏ తేడా లేదు, కంటికి మాత్రమే తేడా. ఆ తేడా చెప్పేదొకటే, వీడికి చదువు లేదని. ‘గొన్నా’ దగ్గరా ఇదే ప్రమాదం. నీ కథలో పోర్టు ఆఫీసరు కూడా ఉన్నాడనుకుందాం. అతని సంభాషణలో నువ్వు ‘గోయింగ్ టు’ రాస్తావు. నిజానికి ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు అతనూ ‘గొన్నా’ అనే అంటాడు. జాలరి కుర్రాడికి ఒక స్పెల్లింగూ ఆఫీసరుకి ఒక స్పెల్లింగూ పెడితే, అది పలుకు తేడా కాదు, నువ్వు వాళ్లకిచ్చే మర్యాదలో తేడా అయిపోతుంది. నీ మనసులో అది లేదని నాకు తెలుసు. కాగితం మీద మాత్రం అలాగే కనిపిస్తుంది.

భీమిలి_మాస్టారు
లలితగారూ, మీరు చెప్పింది చదివి కాసేపు అలా ఉండిపోయాను. మన పలుకుకి జరిగిందే ఇది. ‘ఏటి’, ‘ఎల్తన్నావు’, ‘నాను’ అనగానే ఎంతోకాలంగా తెరమీద పనివాళ్లూ, నవ్వించేవాళ్లూ మాత్రమే కనిపిస్తారు. కలెక్టరు పాత్ర శ్రీకాకుళంలో పుట్టినా సరే, పుస్తకం తెలుగే మాట్లాడుతుంది. మా స్కూల్లో పిల్లలు ఇంటి మాట నోట్లోంచి జారితే సిగ్గుపడి నాలుక కరుచుకునేవాళ్లు. ఆ సిగ్గు వాళ్లకి పుట్టుకతో రాలేదు, మేమూ మా తర్వాతివాళ్లూ నేర్పాం. సాగరికా, నీ కథ ఇంగ్లిష్‌లోకి వెళ్తున్నప్పుడు ఆ పిల్లవాడికి మళ్లీ అదే జరగనివ్వకమ్మా.

వాడుకభాష_వీరాభిమాని
ఈ విషయంలో మాస్టారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను.

సాగరిక_ఎంవీపీ
లలిత గారూ, మీరన్నట్టే ఉంది. నా చిత్తుప్రతిలో నిజంగానే పోర్టు ఆఫీసరు ఉన్నాడు, ఆయన ‘గోయింగ్ టు’ అనే అంటాడు! మరి ఆ కుర్రాడి గొంతు పుస్తకంలా బిగుసుకుపోకుండా ఎలా తేవాలి?

లాసన్స్‌బే_లలిత
స్పెల్లింగ్ వదిలేసి, వాక్యం నడకలోంచి తీసుకురా. తెలుగులో అతను రెండు చిన్న వాక్యాలు అన్నాడు. ఇంగ్లిష్‌లోనూ రెండు చిన్న వాక్యాలే ఉంచు. ‘అయ్యా’ని ‘ఫాదర్’ చేయకు, అలాగే ఉంచేయ్. ‘వేట’కి నిఘంటువులో దొరికే ‘హంటింగ్’ అసలు వద్దు, అడవి గుర్తొస్తుంది. ‘ద సీ’ అంటే చాలు. ‘ఐ యామ్’ని ‘అయామ్’ చెయ్యి. ఇంకో సంగతి, ఇంగ్లిష్ బాగా అలవాటైన పాఠకుడు సంభాషణలో ‘అయామ్ గోయింగ్ టు’ చూస్తే లోపల ‘గొన్నా’ అనే వినుకుంటాడు. ఆ పని అతని చెవికి వదిలెయ్.

ఏయూ_ఇంగ్లిష్_పీజీ
లలిత ఆంటీ చివరి మాట నిజం. స్పెల్లింగ్ పూర్తిగా ఉన్నా పలికేటప్పుడు కుదించేస్తారు. మనం ‘వెళ్తున్నాను’ అని రాసినదాన్ని చాలామంది ‘ఎల్తున్నాను’ అని చదివేసినట్టే.

కోర్టుఫైలు_విశాఖ
ఆలస్యంగా చూశాను. నా వృత్తిలో దీనికి పూర్తిగా ఎదురు రూలు ఉంది, అదీ చెప్తాను. వాట్సాప్ సందేశాలు సాక్ష్యంగా పెట్టేటప్పుడు టైపు చేసి జతపరుస్తాం. జూనియర్లు మంచి ఉద్దేశంతోనే ‘గొన్నా’ని ‘గోయింగ్ టు’ అని దిద్దేస్తారు. ఆ పని అస్సలు చేయకూడదు. అవతలి మనిషి ఏమి రాశాడో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. మన వాదన మనం రాసే చోట ‘గొన్నా’కి చోటు లేదు, కనీసం ‘డోంట్’కి కూడా లేదు. ఇంకొకరి మాటని ఉటంకించే చోట దిద్దే హక్కు మనకి లేదు.

సాగరిక_ఎంవీపీ
@కోర్టుఫైలు_విశాఖ అండీ, మీరు చెప్పింది చదవగానే దారి దొరికింది!

నా కథలో ఆ కుర్రాడికి చెల్లెలుంది. డిగ్రీ చదువుతోంది. అన్న పోర్టుకి వెళ్లిన రోజు అతనికి వాట్సాప్ పెడుతుంది. తెలుగు కథలోనే ఆ సందేశాన్ని ఇంగ్లిష్‌లో రాశాను, ఎందుకంటే ఆ వయసు పిల్లలు ఫోన్‌లో అలాగే రాస్తారు. “అన్నా, అయ్య ఈజ్ గొన్నా బి సో యాంగ్రీ.” ఆ మాట ఆమె స్వయంగా ఎంచుకుని టైపు చేసింది. అది ఆమె ఇంగ్లిషే, నేను తెచ్చిపెట్టింది కాదు. అక్కడ ‘గొన్నా’ అలాగే ఉంచేస్తాను. అన్నయ్య తెలుగులో అన్నదాన్ని మాత్రం ఇలా మార్చాను:

“అయ్యా, అయామ్ డన్ విత్ ద సీ. అయామ్ గోయింగ్ టు వర్క్ ఎట్ ద పోర్ట్.”

ఆఫీసరుకీ ఇతనికీ ఇప్పుడు ఒకే స్పెల్లింగ్. ఎలా ఉందో చెప్పండి.

లాసన్స్‌బే_లలిత
చెల్లెలి సందేశం చక్కగా కుదిరింది, దాన్ని ముట్టుకోకు. అన్న మాటల్లో ‘డన్ విత్ ద సీ’ నాకు కొంచెం ఎక్కువనిపిస్తోంది. తెలుగులో అతను ‘రాను’ అన్నాడంతే, సముద్రంతో తెగతెంపులు చేసుకోలేదు. “ఐ వోంట్ కమ్ టు ద సీ ఎనీమోర్” అని చూడు. ఆ ‘వోంట్’లో తండ్రికి ఎదురుచెప్పే బిగువు ఉంది. తర్వాత వచ్చే ‘గోయింగ్ టు’లో, ముందే నిర్ణయించుకున్నాడన్న సంగతి ఉంటుంది. ఇందాక పీజీ అమ్మాయి చెప్పిన తేడా ఇక్కడ నీకు పనికొచ్చింది చూశావా.

ఏయూ_ఇంగ్లిష్_పీజీ
అబ్బాయినండీ ఆంటీ 🙂 కానీ అవును, ‘వోంట్’, తర్వాత ‘గోయింగ్ టు’. ఆ రెండూ పక్కపక్కన ఉంటే అతని మనసు పూర్తిగా తెలుస్తుంది.

డాల్ఫిన్‌నోస్_నావికుడు
కథ గురించి ఒక మాట సాగరిక గారూ. నిషేధం మరబోట్లకి, మోటారు బిగించిన పడవలకి. మోటారు లేని తెప్పలకి ఉండదు. తండ్రిది ఏ పడవో ఒక్క ముక్క ముందే చెప్పండి, లేకపోతే తెలిసినవాళ్లు ఆయన ఒడ్డున ఎందుకు కూర్చున్నాడని అడుగుతారు. ఇంగ్లిష్‌లో ‘తెప్ప’ రాయాల్సివస్తే ‘తెప్ప’ అనే రాయండి, ‘రాఫ్ట్’ అనొద్దు.

సాగరిక_ఎంవీపీ
ఆయనది ఫైబర్ బోటు, మోటారుంది. రెండో పేరాలోనే పెట్టేస్తాను. లలిత గారూ, ‘వోంట్ కమ్’ ఖాయం చేశాను. మాస్టారూ, పూర్తయ్యాక మీకు మొదట పంపిస్తాను, దిద్దిపెట్టాలి.

భీమిలి_మాస్టారు
పంపించమ్మా. తెలుగు ప్రతి కూడా జతచెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను.